ఊక, జీడి తొక్క, నీలగిరి ముక్క కలిపి గ్యాసిఫయర్‌లో వేయాలంటే పాళ్లు ఎంత, తేడా ఎక్కడొస్తుంది?

గుణుపురం_మిల్లు

నమస్కారమండీ. గుణుపురం దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు మాది. స్టీముకు ఊక బాయిలరు ఉంది. కరెంటు లేనప్పుడు 100 కిలోవాట్ల లోడు మీద డీజిల్ జనరేటర్ ఆడుతుంది, గంటకు 27 లీటర్ల దాకా తాగుతుంది. దీనికి డౌన్‌డ్రాఫ్ట్ గ్యాసిఫయర్ (సరుకును చాలీచాలని గాలితో కాల్చి మండే గ్యాసు చేసే యంత్రం, గ్యాసు కిందికి దిగే రకం) తగిలించి డ్యూయల్ ఫ్యూయల్‌లో, అంటే డీజిలు, గ్యాసు కలిపి నడపాలని చూస్తున్నాం. కొటేషన్లో గొంతు (మంట దగ్గర లోపలి ఇరుకు భాగం) వ్యాసం 200 ఎం.ఎం., ఇంధనం కర్ర ముక్కలు అని రాశారు. నోటిమాటగా మాత్రం ఏది కలిపినా ఆడుతుందంటున్నారు.

మాకు దొరికేవి ఇవి. ఊక మా మిల్లుదే. నీలగిరి ముక్కలు రాయగడ వైపు నుంచి వస్తాయి. జీడి తొక్క పర్లాకిమిడి, పలాస నుంచి. పత్తి కట్టె బిస్సంకటకం, మునిగుడ ఊళ్ల నుంచి. సీజన్లో మొక్కజొన్న బెండ్లు. తాల్చేరు బొగ్గు కూడా లారీ దింపుతామంటున్నారు. ఇందులో ఏది దేనితో కలపొచ్చు, ఎంత కలపొచ్చు? తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి.

వంశధార_ఇంజనీర్

మిల్లు బాబూ, ముందు క్యాలరీల పట్టిక పక్కన పెట్టండి. డౌన్‌డ్రాఫ్ట్‌లో చూడాల్సినవి నాలుగు. సరుకు పైనుంచి కిందికి ఆగకుండా జారాలి. ముక్కల మధ్య గాలి దూరే సందుండాలి. బూడిద కరగకుండా జాలీలోంచి దిగాలి. తారు, అంటే పొగలోని జిగట ఆవిరి, గొంతు దాటేలోపే వేడికి విరిగిపోవాలి. మిశ్రమంలో ఏ సరుకైనా ఈ నాలుగింటిలో ఒకదాంట్లో తేలిపోయిందంటే, ఆ విషయంలో మిశ్రమం మొత్తం దాని లాగే నడుస్తుంది. మంచి ముక్క 80 పాళ్లున్నా ఆ 20 పాళ్ల చెడ్డ సరుకే గొంతు మూసేస్తుంది. సగటు లెక్క ఇక్కడ పనికిరాదు.

లోపల జరిగేది ఇది. పైన సరుకు ఆరుతుంది. దాని కింద 200 నుంచి 600 డిగ్రీల మధ్య ఆవిర్లు, తారు వదిలి బొగ్గవుతుంది. గాలి నాజిళ్ల దగ్గర 1,100 నుంచి 1,300 డిగ్రీల మంట. తారు విరిగేది అక్కడే, గొంతు ఇరుకుగా పెట్టేది అందుకే: ఏ ఆవిరీ చల్లటి పక్కదారిలో తప్పించుకోకూడదు. గొంతు కింద ఎర్రటి బొగ్గు పొరలో కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి రెండూ కార్బన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌గా మారతాయి. ఈ రెండు చర్యలూ వేడిని మింగేవే. 800 డిగ్రీల దిగువకు పడితే మందగిస్తాయి, 700 దిగువన దాదాపు ఆగిపోతాయి.

కాలడానికి పూర్తిగా కావలసిన గాలిలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపే ఇస్తాం. కిలో ఎండు కర్రకు 1.5 నుంచి 1.8 కిలోల గాలి, దాన్నుంచి సుమారు 2.5 ఘనపు మీటర్ల గ్యాసు. అందులో కార్బన్ మోనాక్సైడ్ 18–22 శాతం, హైడ్రోజన్ 15–20, మీథేన్ 1–3, కార్బన్ డయాక్సైడ్ 9–12, మిగతాది నైట్రజన్. ఘనపు మీటరుకు 1,000–1,200 కిలో క్యాలరీలు. నైట్రజన్ లేని సింగ్యాస్ (ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఉన్న గ్యాసు) కావాలంటే గాలికి బదులు ఆక్సిజన్, ఆవిరి ఊదాలి. అది ఎరువులు, ఉక్కు ఫ్యాక్టరీల పని. మిల్లుకు గాలితో వచ్చే గ్యాసు చాలు.

మీ లెక్క: 27 లీటర్లలో 70 శాతం, అంటే 19 లీటర్ల డీజిలు తప్పించాలి. లీటరుకు 3.5 నుంచి 4 కిలోల ఎండు సరుకు పడుతుంది కాబట్టి గంటకు 75 కిలోలు, గ్యాసు 185 ఘనపు మీటర్లు. 200 గొంతుకు అది సరిపోయే భారమే. మిగతా 8 లీటర్ల డీజిలు తప్పదు, మంట అంటుకునేది దానితోనే.

రాయగడ_ల్యాబ్

బూడిద లెక్క నేను చెబుతాను. నీలగిరి ముక్కలో బూడిద 1–2 శాతం. జీడి తొక్కలోనూ సుమారు అంతే. మొక్కజొన్న బెండ్లలో 1.5–3, పత్తి కట్టెలో 3–6, ఊకలో 15–20. తాల్చేరు బొగ్గులో 35–45. గొంతు ఉన్న డౌన్‌డ్రాఫ్ట్‌కు మొత్తం మిశ్రమంలో 5 శాతం దాటకుండా చూసుకోవడం క్షేమం.

ముక్క 1.5, ఊక 18 అనుకుంటే, 80:20 పాళ్లకు 1.2 + 3.6 = 4.8 శాతం. 70:30 చేస్తే 6.45. అంటే బూడిద ఒక్కటే చూసినా ఊక 20 శాతం దగ్గర ఆగాలి. బొగ్గు 20 పాళ్లు కలిపితే 9 శాతం దాటుతుంది.

పాళ్లన్నీ తూకంలో, తట్టల్లో కాదు. 10 లీటర్ల బకెట్‌లో ఊక 1.1 కిలోలే పడుతుంది, ఎండు నీలగిరి ముక్క 2.5 కిలోల దాకా పడుతుంది. నాలుగు తట్టల ముక్కకు ఒక తట్ట ఊక అంటే మీరు వేసేది 20 శాతం కాదు, 10 శాతమే. మరునాడు ఇంకో కూలీ తట్ట నొక్కి నింపితే పాళ్లు మారిపోతాయి. తూకం కాటా హాపర్ పక్కనే ఉండాలి.

అందరూ వదిలేసే విషయం ఇంకొకటుంది. ఊక బూడిద ఇంచుమించు సిలికా, ఒంటరిగా ఉంటే చాలా ఎక్కువ వేడికి గానీ కరగదు. పత్తి కట్టె, మొక్కజొన్న బెండ్ల బూడిదలో పొటాషియం ఎక్కువ. విడివిడిగా రెండూ ఆడొచ్చు. కలిస్తే మాత్రం పొటాషియం సిలికాతో చేరి 770 డిగ్రీల ప్రాంతంలోనే కరిగే గాజు తయారవుతుంది. మంట దగ్గర 1,100 పైనే కదా, ఆ గాజు బొగ్గు ముక్కల్ని అతికించి క్లింకర్ చేస్తుంది. అందుకని ఊక వేసే రోజు పత్తి కట్టె, బెండ్లు వద్దు. వాటిని నీలగిరితో విడిగా వాడుకోండి.

అనుమానముంటే ఇలా చూడండి. అనుకున్న పాళ్లలో మిశ్రమాన్ని 550 డిగ్రీల దగ్గర బూడిద చేసి, కాస్త గంజితో ముద్ద కట్టి, వేలి కణుపంత గోపురాలు చేసి ఆరబెట్టాలి. మఫిల్ ఫర్నేస్‌లో 900, 1,000, 1,100 దగ్గర ఒక్కో గోపురం అరగంట ఉంచి తీయండి. కొస పదునుగా నిలిస్తే పర్వాలేదు. కొస గుండ్రమైనా, పలకకు అతుక్కున్నా ఆ పాళ్లు వదిలేయాలి. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఈ ఫర్నేస్ ఉంటుంది.

గుణుపురం_మిల్లు

మేడమ్, చాలా ఉపయోగం. ఊక 20 శాతం అన్నారు కదా, అలాగే పొడిగా ముక్కల్లో కలిపి పోసేయొచ్చా?

వంశధార_ఇంజనీర్

పొడి ఊక వద్దు. ముక్కల మధ్య సందుల్లోంచి జారి కిందికి చేరుతుంది. పైన మీరు ఎంత బాగా కలిపినా గొంతు దగ్గరకొచ్చేసరికి ఒకచోట ఊక, ఒకచోట కర్రగా విడిపోతుంది. ఊక చోట గాలి ఆడదు, కర్ర చోట గాలి సొరంగం చేసుకుంటుంది. సొరంగంలోంచి తారు విరగకుండా దిగుతుంది. పైగా ఊక కాలినా దాని సిలికా గూడు అలాగే నిలబడుతుంది, లోపలి కార్బన్‌ను మంట ముట్టుకోలేదు. జాలీ కింద నల్లటి పొట్టు కుప్పలు పడడం ఇందుకే.

20 శాతం ఊక వేయాలంటే బ్రికెట్ (గట్టిగా నొక్కిన దిమ్మ) చేసి వేయాలి. బ్రికెట్ సైజు కూడా ముఖ్యం. ముక్క పెద్ద కొలత గొంతు వ్యాసంలో ఐదో వంతు నుంచి ఏడో వంతు ఉండాలి, మీ 200కు 30–40 ఎం.ఎం. మార్కెట్లో వచ్చే 60, 90 ఎం.ఎం. బ్రికెట్లు అలాగే వేస్తే హాపర్లో గూడు కడతాయి, కింద ఖాళీ పడుతుంది, తర్వాత ఒక్కసారిగా కూలుతుంది. ఆ కూలిన నిమిషంలో వచ్చే గ్యాసు పచ్చి పొగే. ఒకవేళ స్క్రూ ప్రెస్ కొని మీరే బ్రికెట్ చేస్తే, ఊక సిలికా స్క్రూ కొసను ఆకురాయిలా అరగదీస్తుందని గుర్తుంచుకోండి. పదుల గంటల్లోనే హార్డ్ ఫేసింగ్ వెల్డింగు మళ్లీ వేయాల్సి వస్తుంది, ఆ ఖర్చు ముందే లెక్కలో రాసుకోవాలి.

ఊకే ప్రధాన ఇంధనం కావాలంటే అది వేరే యంత్రం: గొంతు లేని నిలువు గొట్టం, పైనుంచి గాలి, కింద నీటిలో తిరిగే జాలీ, బూడిద ఆగకుండా తోడుతూ ఉండాలి. అందులో ఒక యూనిట్ కరెంటుకు 1.5–2 కిలోల ఊక పడుతుంది, కర్రయితే 1–1.3. బీహారులో ఊళ్లకు కరెంటిచ్చిన హస్క్ పవర్ కంపెనీ ఊకతోనే మొదలుపెట్టింది. కర్రకు కట్టిన యంత్రంలో ఊక, ఊకకు కట్టిన దాంట్లో కర్ర, రెండూ అరకొరగానే ఆడతాయి.

పర్లాకిమిడి_జీడి

జీడి తొక్క గురించి. 100 కిలోల పిక్కలకు 70 కిలోల దాకా తొక్క వస్తుంది, మా వైపు గుట్టలు పోసి ఉంటుంది. క్యాలరీలు చూసి అందరికీ ఆశ పుడుతుంది. కానీ పచ్చి తొక్కలో నూనె 20–30 శాతం. ఆవిరిలో ఉడికించి ఒలిచిన తొక్కలో ఆ నూనె దాదాపు అంతా అలాగే ఉంటుంది. డ్రమ్ములో కాల్చిన దాంట్లో కొంత పోతుంది. అమ్మేవాణ్ని ఏ తొక్కో అడక్కుండా కొనకండి. గోళ్ల మధ్య నొక్కితే నల్లగా జిగురు ఊరితే అది నూనె తొక్క.

ఇంజనుకు పచ్చి తొక్క ఒక్క శాతం కూడా వద్దంటాను. ఆ నూనెలో ఉన్నది ఫినాల్ జాతి పదార్థాలు, వేడికి కార్డనాల్ అవుతాయి. బ్రేకు లైనింగు రెసిన్ చేసేది దానితోనే, అంటే వేడి తగిలిన కొద్దీ గట్టిపడే గుణం. అది గ్యాసులో కొంచెం తప్పించుకొచ్చినా ఇన్‌లెట్ వాల్వు కాడ మీద వార్నిష్‌లా పట్టి, ఇంజను చల్లబడ్డాక కాడను గైడులో పట్టేస్తుంది. మరునాడు స్టార్టర్ కొడితే పుష్ రాడ్ వంగుతుంది. ఎక్స్‌పెల్లర్ ఆడిన చెక్క అయితే 10 శాతం దాకా ముక్కల్లో కలిపి చూడొచ్చు. అందులోనూ కొంత నూనె మిగులుతుంది కాబట్టి ఇంజను ముందు గ్యాసుకు తెల్ల గుడ్డ పట్టి మరక చూసే పరీక్ష రోజూ చేయాల్సిందే.

ఇంకో మాట. ఈ నూనె చర్మాన్ని కాలుస్తుంది, పొగ కళ్లను మండిస్తుంది. హాపర్ నింపే మనిషికి రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా ఇవ్వండి.

బరంపురం_విద్యార్థి

సార్, కర్ర బూడిదలోని పొటాషియం బొగ్గు గ్యాసిఫికేషన్‌కు కెటలిస్టుగా, అంటే చర్యను వేగం చేసేదిగా పనిచేస్తుందని చదివాం. మరి తాల్చేరు బొగ్గు కలిపితే లాభమే కదా?

రాయగడ_ల్యాబ్

చదివింది నిజమే బాబూ. పొటాషియం ఉంటే బొగ్గు చార్ (ఆవిర్లు పోయాక మిగిలే కార్బన్) నీటి ఆవిరితో త్వరగా కలుస్తుంది. కానీ మన బొగ్గు బూడిదలో సిలికా, అల్యూమినా దండిగా ఉన్నాయి. అవి పొటాషియంతో కలిసి పొటాషియం అల్యూమినో సిలికేట్‌గా బిగుసుకుంటాయి. అలా బిగిసిన పొటాషియం ఇక కెటలిస్టు కాదు. తక్కువ బూడిద బొగ్గుతో ప్రయోగశాలలో వచ్చిన లాభం తాల్చేరు బొగ్గుతో రాకపోవడానికి ఇదొక కారణం.

రెండోది వేగం. కర్ర చార్ త్వరగా అరుగుతుంది, బొగ్గు చార్ నెమ్మదిగా. ఒకే పొరలో రెండూ ఉంటే కర్ర అయిపోయి బొగ్గు మిగులుతూ పోతుంది. మీరు 10 పాళ్లు వేసినా కొన్ని గంటలకు గొంతు కింద ఉన్నదాంట్లో ఎక్కువ భాగం బొగ్గూ దాని బూడిదా అవుతుంది. జాలీ ఎక్కువ ఊపితే కాలని బొగ్గు పడిపోతుంది, ఊపకపోతే మూసుకుంటుంది.

బొగ్గు, బయోమాస్ (కర్ర, ఊక లాంటి సరుకు) కలిపే పని ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో (కింది నుంచి గాలి ఊది వేడి ఇసుకను కదిలించే యంత్రంలో) గానీ, పొడి కొట్టి ఆక్సిజన్‌తో ఊదే పెద్ద యంత్రాల్లో గానీ బాగుంటుంది. నెదర్లాండ్స్‌లో బుగ్గెనుమ్ దగ్గర 250 మెగావాట్ల ప్లాంటు బొగ్గుతో పాటు బయోమాస్ కలిపి నడిచి 2013లో మూతబడింది. మన తాల్చేరు ఎరువుల ప్రాజెక్టుకు 2018లో శంకుస్థాపన జరిగింది. అక్కడ బొగ్గులో పెట్రోలియం కోక్ కలిపేలా డిజైన్ చేశారు. కోక్‌లో బూడిద బహు తక్కువ, అందుకే. అక్కడ మిశ్రమం చేసేదే బూడిద పల్చన చేయడానికి. గుణుపురంలో కర్రలో బొగ్గు కలపడమంటే తక్కువ బూడిద సరుకులోకి ఎక్కువ బూడిద తెచ్చుకోవడం.

వంశధార_ఇంజనీర్

మేడమ్ చెప్పినదానికి చేర్పు. ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో సరుకు 10 ఎం.ఎం. లోపు ఉండాలి, ఇసుక 750–900 డిగ్రీల దగ్గర ఉడుకుతూ ఉంటుంది. అక్కడా అదే పొటాషియం బెడద, ఇసుక సిలికా కాబట్టి ఇసుకే గడ్డకడుతుంది. సుందర్‌గఢ్ జిల్లా బీరమిత్రపూర్‌లో దొరికే డోలమైట్ (సున్నపురాయి జాతి రాయి) లాంటిది బెడ్‌లో కలిపితే గడ్డకట్టడం తగ్గుతుంది, కాలిన డోలమైట్ 800 పైన తారును కూడా విరుస్తుంది. ఇదంతా గంటకు టన్నుల లెక్కన వేసే స్థాయికి. మిల్లు బాబు 75 కిలోలకు వద్దు.

గుణుపురం_మిల్లు

బొగ్గు మాట వదిలేశాను. మా మేనేజరు అడుగుతున్నాడు, చిరిగిన ప్లాస్టిక్ బస్తాలు కొన్ని ముక్కల్లో వేసేయొచ్చా అని.

వంశధార_ఇంజనీర్

వద్దు. బస్తా పాలీప్రొపిలిన్ 160 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది, అంటే హాపర్ కింది భాగంలోనే కరిగి ముక్కల్ని ముద్ద కడుతుంది. పైపు ముక్కలు, పీవీసీ కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టి కూలర్ గొట్టాలు తినేస్తుంది, డయాక్సిన్లనే విషాలు కూడా పుడతాయి. టైరు ముక్కలు కూడా అంతే, గంధకం, తీగలు.

కొరాపుట్_బాయిలర్

అందరూ ఇంజను గురించే చెబుతున్నారు. బాబూ, మీకు స్టీము అవసరం కూడా ఉంది కదా. పచ్చి జీడి తొక్క, పత్తి కట్టె లాంటి మొండి సరుకును బాయిలరు వైపు పంపండి. అప్‌డ్రాఫ్ట్ గ్యాసిఫయర్ (గ్యాసు పైకి వెళ్లే రకం) పెట్టి గ్యాసును చల్లార్చకుండా వేడిగానే బర్నర్‌కు ఇస్తే తారు కూడా ఇంధనమే అవుతుంది. అప్‌డ్రాఫ్ట్ గ్యాసులో తారు ఘనపు మీటరుకు 50–100 గ్రాములు, డౌన్‌డ్రాఫ్ట్‌లో అర గ్రాము నుంచి 2 గ్రాములు. ఇంజనుకు 100 మిల్లీగ్రాముల లోపుండాలి. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ఏ సరుకు ఎటు వెళ్లాలో తేలిపోతుంది.

షరతు ఒకటే: గ్యాసు గొట్టం పొట్టిగా, లోపల ఇటుక, బయట ఇన్సులేషన్‌తో ఉండాలి, గ్యాసు 350 డిగ్రీల దిగువకు పడకూడదు. చల్లబడిన చోటల్లా తారు గడ్డకడుతుంది. మలుపు ఉన్న ప్రతిచోటా గీకడానికి మూత పెట్టించండి. ఈ మంట గాలిని నేరుగా వడ్ల డ్రయ్యర్‌లోకి మాత్రం ఇవ్వొద్దు. జీడి పొగ వాసన బియ్యానికి పడుతుంది. మధ్యలో హీట్ ఎక్స్‌ఛేంజర్ గానీ స్టీము రేడియేటర్ గానీ ఉండాల్సిందే.

జయపురం_ఫిట్టర్

నడిపే పద్ధతి నేను రాస్తాను. గ్యాసిఫయర్ ఎంత మంచిదైనా మొదటి అరగంట సరిగ్గా చేయకపోతే ఆ రోజంతా తారే.

మొదట గాలి నాజిళ్ల పైదాకా 20–40 ఎం.ఎం. కర్రబొగ్గు నింపాలి, పచ్చి కర్ర కాదు. దాని మీద మిశ్రమం. సీళ్లలో నీళ్లు చూసి, బ్లోయర్ వేసి, నాజిల్లో దివిటీ పెట్టాలి. గ్యాసును ఫ్లేర్‌కే (గ్యాసును బయట కాల్చేసే గొట్టానికే) పంపాలి. మొదట తెల్లటి పొగ, తర్వాత మంట నిలుస్తుంది. మంట పసుపుగా పొగతో ఉంటే తారు ఇంకా విరగట్లేదు. నీలంగా, లేత ఎరుపు కొసతో నిలకడగా 15–20 నిమిషాలు ఆడేదాకా ఇంజను జోలికి పోవద్దు. గ్యాసులో ఆక్సిజన్ 2 శాతం లోపుందని మీటరుతో చూసుకోవాలి.

గుడ్డ పరీక్ష: ఇంజను ముందున్న ట్యాపుకు తెల్ల కాటన్ గుడ్డ కట్టి ఒక్క నిమిషం గ్యాసు వదలండి. ట్యాపు ఆరుబయట ఉండాలి, పట్టుకున్నవాడు గాలి వచ్చే వైపు నిలబడాలి. గుడ్డ మీద నల్ల పొడి పడి దులిపితే రాలితే దుమ్ము, ఫిల్టరు చూసుకోండి. గోధుమ రంగు మరక జిగటగా ఉంటే తారు, ఆ రోజు ఇంజనుకు ఇవ్వొద్దు.

ఇంజను డీజిలు మీద స్టార్ట్ చేసి, సగం లోడు వేశాక గ్యాసు వాల్వు కొద్దికొద్దిగా తెరవాలి. గవర్నర్ తనంతట తానే డీజిలు తగ్గిస్తుంది. గాలి, గ్యాసు ఇంచుమించు సమానంగా ఉండాలి. 70 శాతం డీజిలు తగ్గిన దగ్గర ఆపండి. ఇంకా లాగితే నాకింగు శబ్దం వస్తుంది, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది. ఇంజను పూర్తి సామర్థ్యంలో 20–30 శాతం తగ్గుతుందని ముందే లెక్కేసుకోండి.

నడుస్తున్నంతసేపు నీటి మానోమీటర్ (ఒత్తిడి తేడా చూపే నీటి గొట్టం) మీదే కన్నుండాలి. జాలీ పైకీ కిందికీ తేడా మెల్లగా పెరుగుతుంటే బూడిద పేరుకుంటోంది, జాలీ ఊపాలి. కర్ర ఒక్కటే అయితే గంటకోసారి చాలు, ఊక బ్రికెట్ 20 శాతం ఉంటే పావుగంటకోసారి ఊపాల్సి రావచ్చు. తేడా ఒక్కసారిగా పడిపోతే పొరలో సొరంగమో, హాపర్లో గూడో. పైనుంచి ఇనుప కడ్డీతో పొడిచే ముందు బ్లోయర్ లాగుడు ఉందో లేదో చూసుకోవాలి, లేకుంటే గ్యాసు మొహాన కొడుతుంది. గ్యాసు బయటికొచ్చే చోట వేడి మామూలుగా 350–500. ఉన్నట్టుండి పెరిగి మంట నీరసించిందంటే ఎక్కడో గాలి చొరబడి లోపలే గ్యాసును కాల్చేస్తోంది. బూడిద తలుపు గ్యాస్కెట్, జాలీ షాఫ్టు గ్లాండ్, ఈ రెండు ముందు చూడండి.

రాయగడ_ల్యాబ్

ఫిట్టర్ గారు చెప్పింది అక్షరాలా పాటించండి. దానితో పాటు ప్రాణం సంగతి. ఈ గ్యాసులో కార్బన్ మోనాక్సైడ్ 20 శాతం, అంటే పది లక్షల్లో రెండు లక్షల వంతులు. పనిచేసే చోట 50 వంతులు దాటకూడదు. 400 దగ్గర ఒకటి రెండు గంటల్లో తలనొప్పి. 1,600 దగ్గర ఇరవై నిమిషాల్లో తలతిప్పు, వాంతి, ఒకటి రెండు గంటల్లో చావు. వాసన రాదు, కంటికి కనబడదు. తారు వాసన వస్తోంది కదా, తెలుస్తుందిలే అనుకోవద్దు. శుభ్రం చేసిన గ్యాసుకు వాసన చాలా తక్కువ, ఇంజను గదిలో ఉండేది అదే గ్యాసు.

కాబట్టి షెడ్డుకు గోడలు కట్టొద్దు, కప్పు చాలు. ఇంజను దగ్గరొకటి, హాపర్ మెట్ల దగ్గరొకటి అలారం పెట్టి 35 దగ్గర మోగేలా సెట్ చేయండి. ఆపేశాక కూడా లోపలి బొగ్గు గంటల తరబడి గ్యాసు చేస్తూనే ఉంటుంది. చల్లారకుండా మూత తెరిస్తే గాలి చేరి పేలుతుంది. చల్లారాక కూడా ఒక్కడే తలపెట్టి చూడకూడదు, రెండో మనిషి బయట ఉండాలి. ఎవరైనా లోపల పడిపోతే ముక్కుకు గుడ్డ కట్టుకుని దూకడం వల్ల రెండో ప్రాణం పోతుంది. గుడ్డ కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపలేదు.

గుణుపురం_మిల్లు

అలారాలు ముందే కొంటాం మేడమ్. ఇంకో రెండు సందేహాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముక్కలు తడిసే ఉంటాయి, అప్పుడెలా? స్క్రబ్బర్ నీళ్లు, అంటే గ్యాసును కడిగిన నీళ్లు ఎక్కడ వదలాలి? మా వెనక కాలువ ఉంది, వంశధారలో కలుస్తుంది.

వంశధార_ఇంజనీర్

తేమ 15 శాతం లోపుండాలి, 20 దాటితే ఆపేయండి. ప్రతి కిలో నీటినీ ఆవిరి చేసి మంట దాకా వేడెక్కించడానికి 1,100 కిలో క్యాలరీల పైనే పోతాయి. అవి మంట దగ్గరి వేడిలోంచే పోతాయి కాబట్టి ముందు దెబ్బతినేది తారు విరగడమే. ఇంజను ఎగ్జాస్ట్ 350–450 డిగ్రీలుంటుంది. దానికి చల్లగాలి కలిపి 120 దాకా దించి, చిల్లుల రేకు అడుగున్న పెట్టెలోకి వదిలితే ముక్కలు ఆరతాయి. ఊక బ్రికెట్ మాత్రం తడి గాలికే ఉబ్బి పొడి అవుతుంది, వానాకాలం దాన్ని టార్పాలిన్ కింద కాదు, మూసిన గదిలో పెట్టాలి. పరీక్ష సులువు: కిలో ముక్కలు తూచి 105 డిగ్రీల ఓవెన్లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి, మళ్లీ తూచండి. 850 గ్రాముల కన్నా తక్కువ తూగితే ఆ సరుకును ఇంకా ఆరబెట్టాలి.

రాయగడ_ల్యాబ్

నీళ్లు కాలువలోకి ఒక్క బకెట్ కూడా వద్దు. అందులో ఫినాళ్లు, అమోనియా, తారు ఉంటాయి. ఆ కాలువ నీళ్లే కింద కాశీనగర్ దాటి శ్రీకాకుళం జిల్లా పొలాలకు పోతాయి. సిమెంటు తొట్లు మూడు కట్టండి: మొదటిదాంట్లో బురద దిగుతుంది, రెండోదాంట్లో తేలిన తారు తీస్తారు, మూడోదాంట్లో జాలీ కింద వచ్చిన చార్ పొర గుండా వడకట్టి మళ్లీ స్క్రబ్బర్‌కే పంపాలి. తీసిన తారును రంపపు పొట్టులో కలిపి బాయిలర్లో వేయొచ్చు. రంపపు పొట్టు నింపిన పొడి ఫిల్టర్ పెడితే నీటి బెడద ఇంకా తగ్గుతుంది, తారు పట్టిన ఆ పొట్టు కూడా బాయిలర్‌కే. ఒడిశా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రంలో ఈ తొట్ల బొమ్మ జతచేయండి.

ఊక బూడిద తీసేటప్పుడు తడిపి తీయాలి. ఎక్కువ వేడికి గురైన ఊక సిలికా స్ఫటికంగా మారుతుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. దుమ్ము మాస్కు తప్పనిసరి.

గుణుపురం_మిల్లు

అందరికీ దండాలు. అయితే ఇలా అనుకుంటున్నాం: ఇంజనుకు నీలగిరి 85, ఊక బ్రికెట్ 15. పచ్చి జీడి తొక్క, పత్తి కట్టె బాయిలరు వైపు. బొగ్గు, ప్లాస్టిక్ లేవు. సరేనా?

వంశధార_ఇంజనీర్

పాళ్లు బాగున్నాయి. కానీ మొదటి రోజే 15 వేయొద్దు. మొదట నీలగిరి ఒక్కదానితో మానోమీటర్, గ్యాసు వేడి, గుడ్డ మరక రాసి పెట్టుకోండి. తర్వాత 5, ఆపైన 10, ఆపైన 15. ప్రతి మెట్టు మీద పూర్తి లోడుతో ఒక షిఫ్టు నడిపి, చల్లారాక మర్నాడు గొంతు తెరిచి క్లింకర్ ఉందేమో చూడాలి. గోటితో నలిగితే బూడిద, సుత్తితో గానీ పగలకపోతే క్లింకర్. కనబడితే వెనక్కి ఒక మెట్టు దిగండి.

డబ్బు కట్టే ముందు కొటేషన్లో నోటిమాటలన్నీ రాయించుకోండి: ఇంధనం నీలగిరి 85, ఊక బ్రికెట్ 15, తేమ 15 శాతం. ఇంజను ముందు ఘనపు మీటరు గ్యాసుకు తారు 100, దుమ్ము 50 మిల్లీగ్రాముల లోపు. 100 కిలోవాట్ల లోడు మీద డీజిలు గంటకు 9 లీటర్లు దాటకూడదు. ఇవన్నీ మీ మిల్లులో, మీ సరుకుతో చూపించాకే చివరి వాయిదా. గొంతు రింగు, గాలి నాజిళ్లు ఒక్కో జత విడిగా ఇమ్మనండి. వేడికి ముందు పోయేవి అవే.

జయపురం_ఫిట్టర్

రింగు ఏ స్టీలుతో చేశారో కూడా రాయించండి బాబూ. మైల్డ్ స్టీలు అంటే ఒప్పుకోవద్దు. 310 గ్రేడు స్టెయిన్‌లెస్ గానీ, అల్యూమినా ఎక్కువున్న కాస్టబుల్ (వేడిని తట్టుకునే పోత సిమెంటు) గానీ ఉండాలి.